టోన్ బోర్డు పెట్టాక సౌండ్ పడిపోయింది, నాబ్ ముట్టుకుంటే గుయ్యిమంటోంది: ఐసీ మార్చాలా?

తమ్ముడూ, గుణుపూర్ నుంచి నువ్వు రాసిన ప్రశ్న రెండుసార్లు చదివాను. టీడీఏ2030 (స్పీకర్‌ని నడిపే ఆంప్లిఫయర్ ఐసీ) బోర్డులు రెండు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ఫోన్ నుంచి పాటలు. వాల్యూమ్‌కి బీ 10కే పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్; 10కే అంటే 10 వేల ఓములు) పెట్టావు, పావు వంతు తిప్పేసరికే సౌండంతా వచ్చేస్తోంది. దాని ముందు ఐసీ లేని బేస్, ట్రెబుల్ బోర్డు చేర్చాక సౌండ్ బాగా తగ్గిపోయింది, నాబ్‌లు తిప్పినా అంతంత మాత్రం తేడా. చేయి తగిలితే గుయ్యిమంటోంది. ఐసీలు మార్చాలా అని అడిగావు. మార్చొద్దు. నీ ఐసీలు బాగానే ఉన్నాయి. ఒక భాగం తర్వాత ఏ భాగం వస్తోంది, దాని మీద ఎంత భారం పడుతోంది అన్నదే ఇక్కడ అసలు సంగతి.

నేను పర్లాకిమిడిలో పదహారేళ్లుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. నువ్వు చెప్పిన మూడు తిప్పలూ నేనూ పడ్డవే.

ముందు వాల్యూమ్. పాట్ మీద ఉన్న అక్షరం చూడు. బీ అంటే లీనియర్, ఏ అంటే లాగ్. లీనియర్ పాట్‌ని సగం తిప్పితే సిగ్నల్ సగమవుతుంది, అంటే 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. మన చెవికి సౌండ్ సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అందుకే బీ రకంలో అసలు ఆట అంతా మొదటి పావు వంతులోనే అయిపోతుంది. వాల్యూమ్‌కి ఏ రకమే కావాలి. మా ఊళ్లో అడిగితే చాలాసార్లు బీ రకమే చేతిలో పెట్టి "అన్నీ ఒకటే బాబూ" అంటారు. ఒకటి కావు. ఇంటికి తెచ్చాక నాబ్ సరిగ్గా మధ్యలో పెట్టి, ఎడమ కాలికీ మధ్య కాలికీ మల్టీమీటర్ పెట్టి చూడు. 50కే పాట్‌లో 25కే చూపిస్తే లీనియర్. 5 నుంచి 7 కే మధ్య చూపిస్తే లాగ్. అక్షరం తప్పు పడిన పాట్‌లు కూడా నా చేతికి వచ్చాయి, అందుకే మీటర్‌నే నమ్ముతాను.

ఏ రకం దొరకకపోతే బీ 50కే తీసుకుని, మధ్య కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య 5.6కే రెసిస్టర్ ఒకటి వేసెయ్. సగం తిప్పినప్పుడు సిగ్నల్ 15 శాతం దగ్గరికి వస్తుంది, లాగ్ పాట్‌కి చాలా దగ్గర. మా వీధి రామమందిరం ఆంప్లిఫయర్‌లో ఇలాగే వేసి ఆరేళ్లయింది, భజన చేసేవాళ్లు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. స్టీరియోకి మాత్రం దొరికితే అసలైన ఏ రకమే వెయ్యి.

ఇప్పుడు టోన్ బోర్డు. ఐసీ లేని టోన్ సర్క్యూట్ దేన్నీ పెంచలేదు, తగ్గించడమే దాని పని. ముందే మొత్తం సిగ్నల్‌ని పదో వంతుకి, అంటే 20 డెసిబెల్స్ కిందికి దించి, బేస్ "పెంచినప్పుడు" ఆ తగ్గింపుని కొంచెం వదులుతుంది. నీ ఫోన్ నుంచి అర వోల్టు వస్తోందనుకుందాం. టోన్ బోర్డు దాటేసరికి 50 మిల్లీవోల్టులు. టీడీఏ2030 బోర్డు మామూలుగా 30 డెసిబెల్స్, అంటే 32 రెట్లు పెంచుతుంది. లెక్క వేస్తే 1.6 వోల్టులు, 4 ఓముల స్పీకర్‌లో ఒక వాట్ కూడా రాదు.

దాని మీద ఇంకో దెబ్బ పడింది. ఆ బోర్డులో పాట్‌లు 100కే, దాని తర్వాత నువ్వు పెట్టిన వాల్యూమ్ 10కే. చిన్నపిల్లాడి నెత్తిన బియ్యం బస్తా పెట్టినట్టు. ఉన్న కొద్ది సిగ్నలూ అక్కడ కుంగిపోతుంది, నాబ్ తిప్పినా తేడా తెలియకపోవడానికి కారణం కూడా అదే. నేను పాటించే లెక్క ఒకటే: వెనక వచ్చే భాగం రెసిస్టెన్స్ ముందున్న దానికి పది రెట్లు ఉండాలి. పది రెట్లు కుదరకపోతే మధ్యలో ఒక ఐసీ బఫర్ (సిగ్నల్‌ని ఉన్నది ఉన్నట్టు ఇస్తూ, వెనక భారం తానే మోసేది) పెట్టాలి.

ఇంకో మాట చాలామంది చెప్పరు. ఐసీ లేని టోన్ సర్క్యూట్‌లో ఏ రకం పాట్‌లు ఉండాలి, అప్పుడే నాబ్ మధ్యలో ఉన్నప్పుడు పాట ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఐసీ ఉన్న దాంట్లో బీ రకం ఉండాలి. రెండూ తారుమారు చేస్తే నాబ్ మధ్యలో పెట్టినా బేసో ట్రెబులో ఒక వైపు ఒరిగిపోతుంది. నీ బోర్డులో బీ పాట్‌లు ఉన్నాయని రాశావు కదా.

అందుకని ఆ బోర్డు పక్కన పెట్టి 4558 అనే చిన్న ఆంప్లిఫయర్ ఐసీతో కొత్త టోన్ బోర్డు కట్టుకో. పీటర్ బాక్సాండల్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు 1952 అక్టోబర్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన సర్క్యూట్ ఇది. ఫీడ్‌బ్యాక్ దారిలోనే, అంటే అవుట్‌పుట్‌లో కొంత మళ్లీ ఇన్‌పుట్‌కి వచ్చే దారిలోనే, పాట్ పెట్టడం ఆయన ఆలోచన. నాబ్ ఒక వైపు తిప్పితే నిజంగానే పెరుగుతుంది, రెండో వైపు తిప్పితే అంతే తగ్గుతుంది, మధ్యలో సమానం. ఇప్పటికీ మన చేతికొచ్చే టోన్ బోర్డుల్లో చాలావాటికి మూలం ఇదే. దాన్ని మొదటిసారి నా చేతులతో కట్టి, నాబ్ మధ్యలో పెట్టి విన్న రోజు నాకింకా గుర్తుంది. పాట అంత శుభ్రంగా వచ్చింది.

4558లో రెండు భాగాలుంటాయి. ఒక చానెల్‌కి ఒక ఐసీ వాడు. మొదటి సగం బఫర్: పిన్ 1, పిన్ 2 కలిపెయ్, సిగ్నల్ పిన్ 3కి ఇవ్వు, పిన్ 3 నుంచి గ్రౌండ్‌కి 100కే. రెండో సగం టోన్. బేస్ పాట్ బీ 100కే, దాని రెండు చివర్లా చెరో రెసిస్టర్, మధ్య కాలి నుంచి రెండు చివరలకీ చెరో కండెన్సర్. చాలా డయాగ్రాముల్లో ఈ రెసిస్టర్ 10కే, కండెన్సర్ 47 నానో ఉంటాయి. నేను 22కే, 22 నానో వేస్తాను. 10కే వేస్తే బేస్ 20 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫుల్‌గా పెడితే బేస్‌కి వంద రెట్లు పవర్ కావాలి. టీడీఏ2030 మహా అయితే 14 వాట్లు ఇస్తుంది, ఇక డప్పు దెబ్బకల్లా చిరిగిన సౌండే. 22కేతో 15 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది, చిన్న స్పీకర్లకి అదే హాయి.

వాల్యూమ్‌ని టోన్ తర్వాత పెట్టు. వాల్యూమ్ తగ్గించినప్పుడు ఐసీ చేసే సన్నటి హిస్ కూడా దాంతోపాటే తగ్గుతుంది.

ఇక గుయ్యిమనే శబ్దం. చేయి తగిలినప్పుడు మారుతోందంటే పాట్ రేకు ఒంటికి గ్రౌండ్ లేదని అర్థం. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఉంటావు. పాట్ వెనక రేకు మీద గోరంత మేర బ్లేడుతో గీకు, మెరుపు పోయి గరుకుగా అవ్వాలి. ఫ్లక్స్ రాసి, ముందు అక్కడ కొంచెం లెడ్ (సోల్డర్) పరుచు, తర్వాత వైరు అతికించు. 25 వాట్ల ఐరన్‌తో రేకు వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది. అలాగని అరనిమిషం పెట్టి ఉంచితే లోపల కార్బన్ ట్రాక్ పాడవుతుంది. మూడు నాలుగు సెకన్లలో అంటుకోకపోతే ఐరన్ తీసెయ్, చల్లారనిచ్చి మళ్లీ గీకు. సిగ్నల్‌కి షీల్డ్ వైరే వాడు, దాని జాలీ ఒక చివరే గ్రౌండ్ చెయ్యి. గ్రౌండ్ వైర్లన్నీ పవర్ సప్లై పెద్ద కండెన్సర్ల మధ్య బిందువు దగ్గరే కలవాలి. ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి గొలుసులా లాగితే హమ్ మళ్లీ వస్తుంది.

నువ్వు అడగలేదు గానీ, రేపు ఇబ్బంది పెట్టేది ఒకటి ఉంది. మందిరం ఆంప్లిఫయర్‌లో ఒక ఏడాదిలో మూడు వాల్యూమ్ పాట్‌లు మార్చాను. మార్చిన నెలకే తిప్పుతుంటే గరగర. వానాకాలం తేమ అనుకున్నాను. శ్రీరామనవమి ముందు రోజు రాత్రి విసుగొచ్చి, పాట తీసేసి మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి పాట్‌కి సిగ్నల్ వచ్చే కాలికి ముట్టించాను. 1.8 వోల్టులు. అక్కడ సున్నా ఉండాలి. చూస్తే పాట్ ముందున్న కండెన్సర్‌ని ప్లస్, మైనస్ తిరగేసి వేసింది నేనే. అది డీసీని ఆపలేక వదిలేస్తోంది, ఆ డీసీ పారడం వల్లే కొత్త పాట్ కూడా గరగరమంటోంది. కండెన్సర్ సరిగ్గా తిప్పి కొత్తది వేశాను, నాలుగో పాట్ ఇప్పటికీ అదే.

సామాను గుణుపూర్‌లో దొరకకపోతే విశాఖ రైలెక్కి వెళ్లి తెచ్చుకో, ఏ రకం పాట్‌లు రెండు ఎక్కువే కొను. 4558కి నీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచే 7812, 7912 రెగ్యులేటర్లు (వోల్టేజీని 12 దగ్గర నిలిపేవి) పెట్టి ప్లస్ 12, మైనస్ 12 తీసుకో. 7912 కాళ్లు 7812లా ఉండవు: 7812లో ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. సాకెట్‌లో ఐసీ పెట్టకముందే పిన్ 8 దగ్గర ప్లస్ 12, పిన్ 4 దగ్గర మైనస్ 12 ఉన్నాయో లేదో చూడు. ఐసీ పెట్టాక పిన్ 1, పిన్ 7 రెండూ సున్నాకి దగ్గరగా ఉండాలి. లేకపోతే స్పీకర్ కలపకు, అక్కడ ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయి, ఎక్కడ తప్పిందో చూద్దాం.