‘జదివితి దండ్రీ’ అచ్చుతప్పా?

సందేహం: మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి పూర్తి చేస్తోంది. స్కూల్లో వేసే సావనీర్‌లో ఒక్కొక్కరి ఫొటో కింద ఒక ‘కోట్’ అచ్చు వేస్తారట. మా పాప ‘చదువులలో మర్మమెల్ల జదివితి దండ్రీ’ అని రాసిచ్చింది. డీటీపీ చేసే అబ్బాయి అది తప్పనుకుని ‘చదివితి తండ్రీ!!!’ అని దిద్దాడు. ఏది ఒప్పు? అసలు ‘కోట్’ని తెలుగులో ఏమనాలి? ఇంకొకటి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోమని వాళ్ళ నాన్న, హెచ్‌ఈసీ తీసుకుంటానని పాప. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఇప్పుడు ఈ పాదం వేస్తే ‘అన్నీ చదివేశాను’ అని గొప్పలు పోయినట్టు ఉంటుందేమో కదా?
– ఒక తల్లి, వరంగల్లు

సమాధానం: మీ అమ్మాయి రాసిందే ఒప్పు, తల్లీ. ఆ అబ్బాయిని కూడా ఏమీ అనకండి. అతని కంటికి అది అచ్చుతప్పులా కనబడటానికి కారణం ఉంది. పద్యం మొత్తం చూద్దాం. పోతన భాగవతం, సప్తమ స్కంధంలోది.

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

ఇక్కడ ‘ఎల్ల’ చివర ఒక నకారం దాగి ఉంది: ఎల్లన్. ‘చదివితి’ చివర కూడా అంతే: చదివితిన్. దీన్నే ద్రుతం అంటాం. ద్రుతం తర్వాత క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. అందుకే చదివితి ‘జదివితి’ అయింది, తండ్రి ‘దండ్రి’ అయ్యాడు. సరళాదేశ సంధి అని బడిలో నేర్పేది ఇదే. బహుశా మీ పాప మొన్నటి పరీక్షకు దీన్ని బట్టీపట్టే ఉంటుంది.

పాత పుస్తకాల్లో ఆ దాగిన నకారం చోట అరసున్న వేసేవారు. ‘ఇక్కడొక అక్షరం ఉండేది’ అని చదివేవాడికి గుర్తు. ఇప్పుడు చాలామంది అరసున్న తీసేసి జ, ద మాత్రం అలాగే ఉంచుతున్నారు. కారణాన్ని చెరిపేసి ఫలితాన్ని మిగిల్చామన్నమాట. ఇక అది తప్పులా కనిపించక ఏం చేస్తుంది? వీలైతే అరసున్నలతోనే వేయించండి. యూనికోడ్‌లో ఆ గుర్తు ఉంది. లేదంటే మీ పాప రాసినట్టే ఉంచండి. సగం దిద్ది ‘జదివితి తండ్రీ’ అని మాత్రం వేయకండి, అది ఏ కాలపు తెలుగూ కాదు. ఒకవేళ చోటు చాలక చివరి రెండు మాటలే వేస్తే, ముందున్న ‘ఎల్లన్’ పోయింది కాబట్టి ‘చదివితిఁ దండ్రీ’ అని మొదలుపెట్టాలి.

‘దండ్రి’ వింతగా అనిపిస్తే ఆ స్కూలు పంపిన ఆహ్వానమే తీసి చూడండి. ‘తల్లిదండ్రులకు’ అనే ఉంటుంది. అక్కడ సంధి వేరు, గసడదవాదేశం. త మాత్రం ద అయి కూర్చుంది. కూరగాయల్లో కాయ ‘గాయ’ అయినట్టే.

కోట్ అనే మాటకు వస్తే, సూక్తి, సుభాషితం, ఉల్లేఖనం, ఉటంకింపు అని చాలా ఉన్నాయి. కొటేషన్ అంటే మన ఆఫీసుల్లో బెంచీల రిపేరుకు వడ్రంగి రాసిచ్చే ధర కూడా. సూక్తి అంటే మంచి మాట (సు + ఉక్తి); ఎవరు ఎవరితో అన్నారో తెలియకపోయినా నిలబడుతుంది. ‘సాధనమున పనులు సమకూరు ధరలోన’ అన్న వేమన పాదం అలాంటిది. (ఆ పద్యం మొదటి పాదంలోనే పిల్లలు ‘రాగ మతి శయిల్లు’ అని మతి దగ్గర ఊపిరి తీసుకుంటారు. అది రాగము + అతిశయిల్లు.) మీ పాప ఎంచుకున్నది సూక్తి కాదు, ఒక సంభాషణలో ముక్క. కాబట్టి సావనీర్‌లో శీర్షికగా ‘నాకు నచ్చిన మాట’ అని పెడితే హాయిగా సరిపోతుంది.

సంభాషణ అన్నాను కదా, మీ భయానికి జవాబు అక్కడే ఉంది. ఈ మాట అంటున్నది ప్రహ్లాదుడు, వింటున్నది హిరణ్యకశిపుడు. చండామార్కుల దగ్గర కొడుకును చదివించి, ఏం నేర్చుకున్నావు నాయనా అని తండ్రి ముచ్చటగా అడిగాడు. గురువులు చదివించారు, శాస్త్రాలు చదివాను, ఇంకా చాలా చదివాను అని పిల్లవాడు వినయంగానే మొదలుపెడతాడు. తండ్రి మురిసిపోతూ ఉండాలి ఆ మూడు పాదాల సేపూ. నాలుగో పాదంలో ‘మర్మం’ అనే మాట పడుతుంది. ఆ మర్మం ఏమిటో తర్వాతి పద్యంలో చెబుతాడు: విష్ణుభక్తి. ఆ ఇంట్లో వినకూడని మాట అదొక్కటే. తండ్రి కోపం ముందు గురువుల మీదికి మళ్ళింది. విడిగా తీస్తే ఆ పాదం గొప్పలు పోయినట్టే ఉంటుంది, నిజమే. కథలో పెట్టి చూస్తే, మీరు నేర్పించాలనుకున్నది ఒకటి, నేను నేర్చుకున్నది ఒకటి అని తండ్రికి మర్యాదగా చెప్పడం.

ఎంపీసీ, హెచ్‌ఈసీ సంగతి మీరు రాయకపోతే నాకింత దూరం తట్టేది కాదు. పాప ఈ పాదాన్ని తెలిసే ఎంచుకుందేమో! పోతన పుట్టిన బమ్మెర మీకు దగ్గరే కదా, ఒక ఆదివారం తండ్రీకూతుళ్ళను కలిపి పంపండి. దారిలో మాట్లాడుకోవడానికి పద్యం ఎలాగూ ఉంది.

పాదం కింద ‘పోతన’ అని మాత్రమే కాకుండా ‘ప్రహ్లాదుడు, పోతన భాగవతం’ అని వేయించండి. ఆశ్చర్యార్థకం ఒక్కటి చాలు, మిగతా రెండూ తీసేయమనండి.