పిల్లులున్నాయని ముందే చెప్పు పాపా

పాపా,

కర్నూలుకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందని సంతోషపడాల్నో, పిల్లులుంటే ఇల్లు ఇయ్యం అంటాండారని బాధపడాల్నో తెలీట్లేదు పెద్దమ్మా అని మెసేజ్ పెట్టినావు కదా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని ఇట్లా రాస్తాండా, తీరిగ్గా చదువుకో. మీ పెద్దనాయనది బ్యాంకు ఉద్యోగం కాబట్టి అనంతపురం, కడప, కర్నూలు మూడు ఊర్లూ తిరిగినాం, అన్ని చోట్లా బాడుగ ఇళ్లే, అన్ని చోట్లా మా వెంట పిల్లి ఉండేది. కాబట్టి ఇల్లు దొరకదని మాత్రం అనుకోవద్దు. దొరుకుతాది, కాకపోతే మామూలోళ్ల కంటే కొంచెం ముందుగా మొదలుపెట్టాల, కొంచెం ఎక్కువ తిరగాల.

ముందు ఒక మాట గట్టిగా చెప్తా. పిల్లుల సంగతి ఎత్తకుండా ఇంట్లో చేరిపో, తర్వాత తెలిసినా ఏం చేస్తార్లే అని నీ ఫ్రెండ్ ఎవరో చెప్పిందన్నావే, ఆ పని చెయ్యొద్దు తల్లీ. మన ఊర్లల్లో చానా ఇళ్లు కింద ఓనరు, పైన బాడుగకున్నోళ్లు, ఒకటే గేటు, ఒకటే మెట్లు, మోటరు వేసేదానికి కూడా కిందికి దిగాల్సిందే. అట్లాంటి చోట పిల్లిని ఎన్నాళ్లని దాస్తావు? రాత్రి అరిస్తే తెలుస్తాది, కిటికీలో కూచుంటే తెలుస్తాది, చెత్తబండికి లిట్టరు (పిల్లి దొడ్డికి పోయే డబ్బాలో మట్టి) కవరు వేస్తే తెలుస్తాది. తెలిసిన రోజు వాళ్లకు కోపం వచ్చేది పిల్లి మీద కాదు, నువ్వు చెప్పలేదని. అప్పుడు నెలలో ఖాళీ చెయ్యమంటే ఉన్నపళంగా యాడికి పోతావు? ఇట్లా ఇరుక్కుపోయి పిల్లుల్ని మార్కెట్ కాడ వదిలేసి పోయిన వాళ్లను చూసినా, ఇంట్లో పెరిగిన పిల్లి వీధికుక్కల మధ్య బతకలేదు పాపా. పెంచుకున్న జంతువును దిక్కులేకుండా వదిలేసేది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఇంకోటి, 2015 సర్కులర్ చూపించి కొట్లాడొచ్చు అని యాడనో చదివినావు కదా. జంతు సంక్షేమ బోర్డు సర్కులర్ ఉండేది నిజమే, కానీ అది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల గురించి, అందులోనూ ముఖ్యంగా కుక్కల గురించి. పెంపుడు జంతువులు పెట్టుకోవద్దని, లిఫ్ట్ ఎక్కించొద్దని అసోసియేషన్ వాళ్లు రూల్ పెట్టేదానికి లేదు అంటాది. ఫ్లాట్ ఓనరు ఒప్పుకుని అసోసియేషన్ సెక్రటరీ అడ్డం పడితే అప్పుడు ఆ కాయితం పనికొస్తాది. అంతేగానీ తన ఇల్లు నీకు ఇయ్యాలా వద్దా అనేది ఓనరు ఇష్టమే, ఆయన ముందర చట్టం తీసినావంటే ఆ ఇల్లు పోయినట్టే.

ఓనర్లు ఒద్దనేది ఎందుకో తెలుసుకుంటే సగం పని అయినట్టు. మొదటిది వాసన. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యని మగపిల్లి గోడలకు, తలుపులకు ఉచ్చ చల్లుతాది, ఆ కంపు సున్నం వేసినా పోదు, ఎవరో ఒకరు ఇంతకుముందు అట్లా చేసిపోయి ఉంటారు, ఆ కోపం నీ మీద చూపిస్తారు. నీ రెండు పిల్లులకూ ఆపరేషన్ అయింది కదా, అది నీకు అన్నిటికంటే పెద్ద బలం, ముందు ఆ మాటే చెప్పు. రెండోది ఓనరమ్మ భయం. మిద్దె మీద వడియాలు, ఎండుమిరపకాయలు ఆరబెట్టుకుంటాది, తులసికోట ఉంటాది, పిల్లి మెత్తటి మట్టి కనపడితే తవ్వి పాడు చేస్తాదని ఆమెకు బాగా తెలుసు. ఇంట్లోనే ఉంటాయమ్మా, గడప దాటనియ్యను అని ఆమె కళ్లల్లోకి చూసి చెప్పాల. ఇల్లు ఓనరు పేరు మీద ఉన్నా నిర్ణయం మాత్రం ఆమెదే, ఇది గుర్తు పెట్టుకో. మూడోది శకునం, నీది ఒకటి నల్లది కాబట్టి ఇది నీకు తగులుతాది. ఆ నమ్మకం గట్టిగా ఉండే వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, నమస్కారం పెట్టి ఇంకో వీధికి పో, పొద్దున లేస్తే నీ పిల్లిని తిట్టుకునే ఇంట్లో నువ్వు సుఖంగా ఉండలేవు. శాకాహారుల ఇల్లయితే పిల్లులకు చికెన్ ఉడికిస్తానని ముందే చెప్పు, ఒప్పుకోకుంటే అది కూడా వదిలేయ్, పిల్లికి మాంసం లేకుండా కుదరదు, పెరుగన్నం మీద బతికే ప్రాణి కాదది.

ఇంట్లో కడుపుతో ఉండే కోడలో కూతురో ఉంటే, పిల్లి వల్ల బిడ్డకు ఏమన్నా అవుతాదంట కదా అని అడుగుతారు. ఉత్తదే అని కొట్టిపారెయ్యొద్దు, టాక్సోప్లాస్మా అని ఒకటి నిజంగానే ఉంది, పిల్లి దొడ్డికి పోయిన దాంట్లో వస్తాది. అయితే అది బయటపడినాక మనిషికి అంటుకునే స్థితికి రావాలంటే కనీసం ఒక రోజన్నా పడతాది, అందుకే లిట్టరు ఏ రోజుది ఆ రోజు తీసేస్తే, పిల్లికి పచ్చిమాంసం పెట్టకుండా ఉంటే ఆ ప్రమాదం చానా తక్కువ. ఆ అమ్మాయి నీ లిట్టరు ముట్టుకునే పనే లేదు కదా, అది చెప్పు చాలు, నిమ్మళపడతారు.

ఇంక యాడ వెతకాల అంటే, మొబైల్ యాప్‌లల్లో కంటే కాళ్లతో తిరిగితేనే మన ఊర్లో ఇళ్లు దొరికేది. ఉద్యోగస్తులు వచ్చిపోయే ఏరియాలు చూడు, బి క్యాంప్, సి క్యాంప్ పక్కల (1953 నుంచి 56 దాకా కర్నూలు రాజధానిగా ఉండె కదా, ఆ పేర్లు అప్పటివే), అశోక్ నగర్, వెంకటరమణ కాలనీ, అక్కడి ఓనర్లకు బయట ఊరోళ్లు అలవాటు, ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు. పాత ఊర్లో కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల ముస్లింల ఇళ్లు కూడా అడుగు, వాళ్లు పిల్లిని శుభ్రమైన ప్రాణిగానే చూస్తారు, ఇంట్లో తిరిగినా ఏమీ అనుకోరు, కడపలో మాకు అన్నిటికంటే తొందరగా ఇల్లు దొరికింది అట్లాంటి వాళ్ల దగ్గరే. హంద్రీకి, తుంగభద్రకు ఆనుకుని పల్లంలో ఉండే కింది పోర్షన్లు మాత్రం ఒద్దు, 2009 అక్టోబర్ వరద చూసిన వాళ్లం మేము. వీధిలో నడిచేటప్పుడు బోర్డులు ఒక్కటే కాదు, గేట్ల కాడ కింద కూడా చూడు. టెంకాయ చిప్పలోనో పాత సత్తు గిన్నెలోనో నీళ్లు పెట్టి ఉంటే, మెట్ల మీద ఏదో వీధిపిల్లి నిమ్మళంగా పండుకుని ఉంటే, అది జంతువుల్ని కసురుకోని ఇల్లు, బోర్డు లేకున్నా తలుపు కొట్టి ఈ పక్కన యాడన్నా ఇల్లుందామ్మా అని అడుగు. పెట్ షాపాయన్ను, పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరును కూడా అడుగు, ఏ వీధిలో ఎవరు పిల్లుల్ని పెంచుతారో వాళ్లకే తెలుస్తాది. ఇస్త్రీ బండి ఆయన, పాలాయన చెప్పే కబుర్లు బ్రోకరు కంటే నయం, పైసా ఖర్చుండదు.

ఆషాఢంలో వెతుకు పాపా. ఆ నెల ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు, ఖాళీ అయిన ఇళ్లు అట్లే తాళం వేసి ఉంటాయి, ఓనర్లు కొంచెం మెత్తబడతారు. నీకు పట్టింపు లేకపోతే అదే మంచి టైం, పట్టింపు ఉంటే అప్పుడే మాట్లాడి అడ్వాన్స్ ఇచ్చి శ్రావణంలో దిగు.

పిల్లులా, అయితే మిద్దె మీద రేకుల రూము ఉంది తీసుకో అంటారు, అది మాత్రం ఎంత తక్కువకిచ్చినా ఒద్దు. మే నెలలో మన ఎండ 43, 44 కాడికి పోతాది, నువ్వు ఆఫీసుకు పోయినాక ఆ రేకుల కింద అవి ఏమైపోతాయి చెప్పు. గాలి ఇటు నుంచి అటు పోయే ఇల్లు చూడు. కిటికీలకు నైలాన్ దోమతెర ఉంటే లెక్కలోకి తీసుకోవద్దు, గోళ్లతో రెండు రోజుల్లో చింపేస్తాయి, ఇనుప జాలీ మన ఖర్చుతో కొట్టించుకుంటాం అని అడిగితే ఏ ఓనరూ కాదనడు, ఇల్లు ఆయనదే బాగుపడతాది. గ్రిల్లు సందుల్లో పిల్లి తల పడితే ఒళ్లంతా పడినట్టే, అది చేత్తో కొలుచుకుని చూడు. సంపు మూత సరిగ్గా పడుతుందా లేదా అని తప్పకుండా చూసుకో.

నేల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇక్కడే అడ్వాన్స్ పోయేది. మన దిక్కు పాత ఇళ్లల్లో కడప బండలో బేతంచెర్ల బండలో ఉంటాయి, రెండూ సున్నపురాయి జాతే. పిల్లి ఉచ్చపోస్తే వెనిగర్‌తో తుడవమని వీడియోల్లో చెప్తారు, టైల్స్ మీద సరే, ఈ బండల మీద పోసినావంటే పులుపుకు పాలిష్ లేచిపోయి తెల్లగా మచ్చ పడతాది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. నిమ్మకాయ కూడా అంతే. ముందు పాత గుడ్డతో అద్దు, రుద్దొద్దు, తర్వాత సబ్బునీళ్లు, వాసన పోకపోతే పెట్ షాపులో ఎంజైమ్ క్లీనర్ అడుగు. బండల సందుల్లో సిమెంటు లేచిపోయి ఉంటే ఉచ్చ అందులోకి దిగి ఎన్నాళ్లయినా వాసన కొడతాది, చేరకముందే సందులు పూయించమను. ఇంకోటి, ఓనరమ్మ మంచికే చెప్తాది రోజూ ఫినాయిల్ వెయ్యమ్మా అని, ఫినాయిల్ పిల్లికి విషం, దాని కాలేయం ఆ మందును అరిగించుకోలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే కడుపులోకి పోతాది. ఆమెకు ఈ సంగతి చెప్పి వేరేది వాడుకో.

మాట్లాడే పోయేటప్పుడు టీకాల బుక్కు, ఇప్పుడుండే ఇంటి ఫోటోలు, ఇప్పటి ఓనరు నంబరు తీసుకుపో. నీ ఇప్పటి ఓనరు ఫోన్లో రెండు మంచి మాటలు చెప్తే నువ్వు గంటసేపు చెప్పినదాని కంటే ఎక్కువ పని చేస్తాది, ఆయన్ని ముందే అడిగి పెట్టుకో. ఎక్కువ బాడుగ ఇస్తానని నోరు జారొద్దు, కావాలంటే ఇంకో నెల అడ్వాన్స్ ఎక్కువ ఇస్తానను, బాడుగ పోతే రాదు, అడ్వాన్స్ తిరిగొస్తాది. ఒప్పుకున్నాక 11 నెలల అగ్రిమెంట్‌లో పిల్లుల మాట రాయించు, రెండు పెంపుడు పిల్లులు ఉంటాయని ఓనరుకు తెలుసు, వాటి వల్ల ఏదన్నా పాడైతే ఆ రిపేరు ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చు అని, అంతే. నోటి మాట మీద ఉంటే రేపు ఓనరు కొడుకు బెంగళూరు నుంచి వచ్చి ఎవరిచ్చినారు పర్మిషన్ అంటాడు. చేరేరోజు గోడలు, తలుపులు, నేల ఫోటోలు తీసి ఓనరు వాట్సాప్‌కే పంపించు, పాత గీతలు నీ పిల్లుల మీదికి రాకుండా.

దిగినాక కొన్ని రోజులు రెండింటినీ ఒకటే రూములో పెట్టు, వాటి పాత దుప్పటి, పాత లిట్టరు డబ్బా అక్కడే ఉంచు, వాసన గుర్తుపట్టి కుదురుకుంటాయి. పాలు పొంగించే రోజు తలుపులు బార్లా తీసి ఉంటాయి, వచ్చేవాళ్లు పొయ్యేవాళ్లు, ఆ రోజు మాత్రం వాటిని మా ఇంట్లో వదిలిపెట్టు, నేను చూసుకుంటా.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి రా, ఎండ ఎక్కకముందే బి క్యాంప్ వైపు నుంచి మొదలుపెడదాం, నేను కూడా వస్తా, పెద్ద మనిషి పక్కన ఉంటే ఓనర్లు కూచోబెట్టి మాట్లాడతారు. టీకాల బుక్కు జెరాక్స్ తీయించుకో, రేబిస్ సూది వేయించి ఏడాది దాటిపోయుంటే ముందు అది వేయించి, డాక్టరు సంతకం పెట్టించుకుని రా.

మీ పెద్దమ్మ