ప్లేస్‌మెంట్లకు కూర్చోడట, స్టాండప్ కమెడియన్ అవుతాడట!

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. కాలేజీ ఫెస్టులో రెండుసార్లు స్టాండప్ చేశాడు, అందరూ పడీపడీ నవ్వారట. ఇక ప్లేస్‌మెంట్లకు కూర్చోను, హైదరాబాద్ వెళ్లి కమెడియన్ అవుతానంటున్నాడు. మావారు స్టీల్‌ప్లాంటులో ఇంకో మూడేళ్లకి రిటైరవుతారు. దీంట్లో బతుకుతెరువు ఉందాండీ? – ఒక తల్లి, కూర్మన్నపాలెం

జవాబు: అమ్మా, ముందు ఆ ఫెస్టు నవ్వుల సంగతి చూద్దాం. ఆ హాల్లో అందరికీ హాస్టల్ మెస్ తెలుసు, హెచ్ఓడీ తెలుసు, మీవాడూ తెలుసు. లెక్చరర్ నడక అనుకరిస్తే చాలు, ఈలలు పడతాయి. అవే ఐదు నిమిషాలు మన విశాఖ సిరిపురంలో ఏ కేఫ్ మేడమీదో, మొహం ఎరగని ఇరవై మంది ముందు చెబితే ఒకటో రెండో నవ్వులు వస్తాయి, అంతే. అలాగని మీవాడికి ప్రతిభ లేదనడం లేదు. అక్కడ పరిచయం పనిచేయదు, రాత పనిచేయాలి. ఆ రాత అతను ఇంకా మొదలుపెట్టినట్టు లేదు.

ఓపెన్ మైక్ అంటే పేరిచ్చి ఎవరైనా వేదికెక్కగలిగే షో. అందులో కొత్తవాళ్లకి దొరికేది నాలుగైదు నిమిషాల స్పాట్. నవ్వులకు ఆగే సమయం తీసేస్తే నాలుగైదు వందల మాటలకు మించి పట్టవు. కొత్తవాళ్ల తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. సెటప్‌కి, అంటే జోకు ముందు చెప్పే సందర్భానికి, నిమిషంన్నర తినేస్తారు, పంచ్ వచ్చేసరికి జనం ఫోన్లలో ఉంటారు. సెటప్ రెండు మూడు వాక్యాల్లో అయిపోవాలి, నవ్వు పుట్టించే మాట వాక్యం చివర పడాలి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఇక్కడే చాలా జోకులు చచ్చిపోతాయి. పేలాల్సిన మాట మధ్యలో పడి, తర్వాత ‘అన్నాడన్నమాట’ అని తోక మిగులుతుంది. ఆ తోక కొయ్యడమే సగం పని. పంచ్ పేలాక అదే సెటప్ మీద ఇంకో చిన్న దెబ్బ వేస్తే ట్యాగ్. మొదటి నిమిషంలో చెప్పినదాన్ని చివర్లో తిప్పి తెస్తే కాల్‌బ్యాక్. ప్రతి స్పాట్‌నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని, మర్నాడు విని, నవ్వు ఎక్కడ వచ్చిందో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. మూడు వేర్వేరు గదుల్లో పేలని జోకును తీసెయ్యాలి. ఒక్క గదిలో పేలనంత మాత్రాన తీసెయ్యకూడదు.

మన ఉత్తరాంధ్ర యాస గురించి ఒక మాట. ‘ఏటి’, ‘ఎల్లిపోనాడు’ అని పలికితే చాలు నవ్వుతారని మనవాళ్లకి సినిమాలు నేర్పాయి. హైదరాబాద్‌లో ఆ నవ్వు మొదటి నిమిషం వరకే. గాజువాకలో, శ్రీకాకుళంలో అయితే అదీ రాదు, వాళ్లింట్లో మాట అదే కదా! యాసలో మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా. కానీ నవ్వు పలుకులోంచి కాదు, చెప్పే సంగతిలోంచి రావాలి.

ఇక అసలు చిక్కు. వైజాగ్‌లో కొరత ఓపెన్ మైకులది. నెలకు రెండు స్పాట్లు దొరికాయనుకోండి, ఏడాదికి ఇరవై నాలుగు. అంటే మొత్తం రెండు గంటలు. పెద్ద నగరంలో వారానికి నాలుగు చేసేవాడికి ఏడాదిలో పదహారు గంటలు దాటుతాయి. హైదరాబాద్ వెళ్తానని మీవాడు అనడంలో తర్కం ఉంది, అది ఒప్పుకోండి. కానీ అక్కడ ఓపెన్ మైక్‌కి డబ్బు రాదు, కొన్నిచోట్ల ఎదురు కట్టాలి. టికెట్ షో లెక్క కూడా చూడండి. రెండొందల చొప్పున ముప్పై టికెట్లు తెగాయనుకుంటే ఆరు వేలు. కేఫ్‌కి సగం పోగా మిగిలిన మూడు వేలు ఐదుగురు పంచుకుంటే తలా ఆరొందలు. దాంతో అద్దె కట్టలేరు. చెప్పుకోదగ్గ డబ్బు కార్పొరేట్ షోల్లో ఉంది. వాటికి కనీసం ముప్పై నిమిషాల శుభ్రమైన సరుకు కావాలి, బూతు లేకుండా, కంపెనీ పెద్దల భార్యాపిల్లలు కూర్చున్నా ఇబ్బంది లేకుండా. అది తయారవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

కాబట్టి మీవాడికి చెప్పాల్సింది ఇదీ: హైదరాబాద్‌లో అద్దె కట్టేది ప్లేస్‌మెంటే. హైదరాబాద్ పోస్టింగ్ ఉన్న, సాయంత్రాలు ఖాళీ దొరికే ఉద్యోగం చూసుకోమనండి. ప్లాంటు ఉద్యోగం జీతం బాగున్నా వద్దు. సాయంత్రాలు తినేసే బీ షిఫ్టు పడితే స్పాట్ పోయినట్టే, షిఫ్టుల సంగతి మీ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రకాశం జిల్లా మూలాలున్న హిందీ సినిమా హాస్యనటుడు జానీ లీవర్ ముంబైలో హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూనే షోలు చేశారు, ఆయన పేరులో లీవర్ అక్కడిదే.

డిగ్రీ పూర్తయ్యేలోపు ఇక్కడే నలుగురు మిత్రులతో సొంత ఓపెన్ మైక్ పెట్టుకోవచ్చు. పాతిక కుర్చీలు, ఒక స్పీకరు, వైరున్న మైకు, స్టాండు, వేదిక మీదికి ఒక దీపం చాలు. కుర్చీలు దగ్గర దగ్గరగా వేయాలి, దూరంగా కూర్చున్నవాళ్లు నవ్వడానికి మొహమాటపడతారు. బీచ్ రోడ్డు మేడలు చూడ్డానికి బాగుంటాయి గానీ వద్దు. పైకప్పు లేకపోతే నవ్వు గాల్లో కలిసిపోతుంది, సముద్రపు గాలి మైకులో బుస్సుమంటుంది. మైకు జాలీని గుప్పిట్లో మూయకూడదు, కూత వేస్తుంది. ఖాళీ స్టాండును పక్కకి జరపాలి, లేదంటే కొత్తవాడు దాని వెనకే దాక్కుంటాడు. గొంతు, ఊపిరి, నిలబడే తీరు నేర్చుకోవాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడివాళ్లతో కలిసి ఒక నాటకం ఆడినా ఉపయోగమే.

మీవాడు జోకులకంటే పాత్రలు బాగా రాస్తాడేమో కూడా చూడండి. అలా అయితే స్కెచ్ (చిన్న హాస్య నాటిక) దారి మేలు, దానికి ఊరు అడ్డు కాదు. మన విశాఖ కుర్రాడు హర్ష చెముడు యూట్యూబ్ స్కిట్ ‘వైవా’తోనే వైవా హర్ష అయ్యాడు. స్కెచ్ అంటే ఒకే ఒక వింత. దాన్ని మూడు మెట్లు పెంచి నాలుగు నిమిషాల్లో ఆపెయ్యాలి. రెండో వింత దూర్చారంటే మొదటిది చెడుతుంది. యూట్యూబ్ ప్రకటనల డబ్బుకి వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. అయితే స్టాండప్ సరుకు మాత్రం తొందరపడి ఎక్కించొద్దు. చూసేసిన జోకుకి టికెట్ కొనరు.

మతం మీద జోకులు ఇప్పట్లో వద్దు. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. 2021లో ఇందోర్‌లో అరెస్టయిన స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీకి బెయిలు వచ్చేసరికి నెల దాటింది.

ఉద్యోగంలో చేరాక రెండేళ్లు గడువు పెట్టుకోమనండి. ఆ గడువులో నూట యాభై స్పాట్లు, గట్టిగా నిలబడే పదిహేను నిమిషాలు, అడక్కుండా పిలిచే నిర్వాహకులు ఇద్దరు ముగ్గురు ఉంటే, రాజీనామా మాట అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. అంతవరకు ఇంట్లో ‘ఏదీ, ఒక జోకు చెప్పు’ అని చుట్టాల ముందు నిలబెట్టకండి. షో చూడాలనుంటే పదో స్పాట్ దాటాక వెళ్లి, వెనక వరసలో కూర్చోండి. అందులో మీ మీద ఒక జోకు కచ్చితంగా ఉంటుంది.