దెబ్బ తగిలిన ఎలక్ట్రిక్ కారుని ఓడలో పంపేటప్పుడు ఆ సంగతి చెప్పాలా?

చెప్పాలండీ, తప్పకుండా చెప్పాలి. ఏడాది కింద మీ కారు అడుగున రాయి కొట్టుకుంది, ఇప్పుడు బానే నడుస్తోంది, ఓడలో పంపేటప్పుడు ఫారంలో ఆ సంగతి రాస్తే తీసుకోరేమో అని కదా మీ భయం. నేను కార్ క్యారియర్ ఓడల్లో ఆరేళ్ళు డెక్ ఆఫీసర్‌గా చేశాను, రాత్రిళ్ళు టార్చ్ పట్టుకుని ఎక్కడైనా మంట మొదలైందేమో అని ఆ కార్ల మధ్య గస్తీ తిరిగినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఎలక్ట్రిక్ కారు అంటేనే అంటుకుంటుందని మాత్రం అనుకోకండి. 2020 జూన్‌లో అమెరికాలో జాక్సన్‌విల్ దగ్గర హోగ్ జియామెన్ అనే ఓడ కాలిపోయింది, అందులో ఉన్నవన్నీ పాత బళ్ళు, రెండు వేల పైచిలుకు, ఒక బండి మామూలు స్టార్టింగ్ బ్యాటరీ సరిగ్గా డిస్కనెక్ట్ చేయకపోవడం వల్లే మొదలై ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. నేనూ ఒక రాత్రి అలాంటిదే పట్టుకున్నా, అది పెట్రోల్‌తో నడిచే కారు, వైరు కాలుతున్న వాసన వస్తే బానెట్ ఎత్తి చూశాం, లూజుగా ఉన్న టెర్మినల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఇంకో గంట లేటయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అసలు తేడా మంట మొదలయ్యాక తెలుస్తుంది. లిథియం బ్యాటరీలో ఒక సెల్ దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కి, దాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది. ఓడలో మాకున్న పెద్ద ఆయుధం కార్బన్ డయాక్సైడ్, డెక్ అంటే ఓడలో ఒక అంతస్తు, దాన్ని మొత్తం మూసేసి గ్యాస్ వదిలితే గాలి అందక మంట చల్లారుతుంది, కానీ బ్యాటరీ ప్యాక్ లోపల పుట్టే వేడిని అది చల్లార్చలేదు, ఆరిందనుకున్నది గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. బాగా నీళ్ళు కొట్టి చల్లబరచొచ్చు కదా అంటారేమో, కార్ల మధ్య జానెడు సందు, తల తగిలే డెక్కు, కన్ను కనపడని విషప్పొగ, పైగా పై డెక్కుల్లో నీళ్ళు నిలిచిపోతే ఓడ ఒరిగిపోతుంది. పిలిస్తే వచ్చే ఫైరింజన్ కూడా ఉండదు, ఉన్న ఇరవై మందిమే. 2023 జులైలో నెదర్లాండ్స్ తీరం దగ్గర ఫ్రీమాంటిల్ హైవే కాలినప్పుడు కొందరు ప్రాణాలు దక్కించుకోడానికి అంతెత్తు నుంచి సముద్రంలోకి దూకారు, ఒక భారతీయ నావికుడు చనిపోయాడు.

ఒకసారి లోడింగ్ టైంలో ఒక వాడిన ఎలక్ట్రిక్ కారు ర్యాంప్ ఎక్కుతుంటే కింద ఏదో కారడం చూశాను. ఆపించి వంగి చూస్తే బ్యాటరీ కేసుకి లోతైన సొట్ట, బ్యాటరీని చల్లబరిచే ద్రవం (కూలెంట్) కారుతోంది, ఛార్జ్ చూస్తే 96 శాతం, ఫారంలో మాత్రం ఏ డ్యామేజీ లేదని రాసుంది. చీఫ్ ఆఫీసర్ అక్కడికక్కడే దింపించేశారు. ఓనర్ మనిషి వచ్చి చాలా గొడవపడ్డాడు, నేను మాత్రం ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నా.

మీరు చేయాల్సింది ఏంటంటే, ముందు కంపెనీ సర్వీస్ సెంటర్లో కారు లిఫ్ట్ మీద పెట్టించి బ్యాటరీ కేసు చూపించండి, బ్యాటరీ కరెంటు బయటికి లీకవుతోందేమో చూసే ఇన్సులేషన్ టెస్ట్ చేయించి ఆ రిపోర్టు ఫారంతో పాటు ఇవ్వండి. బ్యాటరీ నిజంగా దెబ్బతిని ఉంటే దానికి రూల్సే వేరు, మామూలు కారులా ఎక్కించరు, దాచిపెట్టి ఎక్కించడం అస్సలు వద్దు. కారు ఎప్పుడైనా వరద నీళ్ళలో, ముఖ్యంగా ఉప్పునీళ్ళలో మునిగి ఉంటే అదీ రాయండి, ఇది చాలామంది మర్చిపోతారు. ఛార్జ్ ఎంత ఉంచాలో షిప్పింగ్ లైన్‌ని అడిగి అంతే ఉంచండి, సెల్‌లో ఛార్జ్ ఎంత తక్కువుంటే అంటుకున్నప్పుడు తీవ్రత అంత తక్కువ, కాకపోతే పూర్తిగా సున్నా చేస్తే అవతల దింపడానికి కదలదు. డిక్కీలో స్పేర్ స్కూటర్ బ్యాటరీ, పవర్ బ్యాంకు లాంటివి పెట్టి పంపకండి. పేపర్లలో యూఎన్ నంబరు, అంటే ప్రమాదకర సరుకుని గుర్తించే అంతర్జాతీయ నంబరు, 3556 ఉందో లేదో కూడా చూసుకోండి, లిథియం అయాన్ బళ్ళకి 2026 జనవరి నుంచి అదే తప్పనిసరి, ఇంతకుముందు 3171 రాసేవాళ్ళు, పాత ఫారం ఇచ్చే ఏజెంట్లు ఇంకా ఉంటారు.

ఆ దెబ్బ ఫొటో, కారు మోడల్ ఇక్కడ పెట్టండి, సర్వీస్ సెంటర్లో ఏం అడగాలో రాసిస్తా.