హనుమకొండలో ఫెర్రెట్‌కు ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి?
నమస్కారం. మీ ఫెర్రెట్ (ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే పెంపుడు జంతువు) పగలంతా పంజరంలో నిద్రపోతోందని మీరు బాధపడుతున్నారు గానీ, అది రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోవడం సహజమే. అయితే మెలకువగా ఉన్న వేళల్లో, మొత్తం మీద కనీసం నాలుగు గంటలైనా దాన్ని పంజరం బయట తిరగనివ్వాలి. ఇల్లంతా వదలకండి. ఒక గదిని ఎంచుకుని, బీరువా వెనుక సందులను, తూము రంధ్రాలను మూసి, రబ్బరు చెప్పులు, స్పాంజి ముక్కలు అందకుండా తీసేయండి, ఎందుకంటే వాటిని కొరికి మింగితే పేగులకు అడ్డుపడి ప్రాణం మీదికి వస్తుంది. వాషింగ్ మెషిన్‌ను తిప్పే ముందు లోపలికి ఒకసారి చూడండి.

పొలంలో కుందేళ్ల వేటకు వదలమన్న మీ బావగారి సలహాను మాత్రం పాటించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వేట నేరం. ఇంగ్లండ్‌లో వేటకు వాడే ఫెర్రెట్లను సైతం ఇష్టమొచ్చినట్టు వదలరు; కుందేళ్ల బొరియల నోళ్లకు వలలు కట్టి, జాడ తెలిపే పట్టీని మెడకు వేసి లోపలికి పంపుతారు. పైగా 30 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ తగిలే ప్రాణికి మన ఓరుగల్లు మే నెల ఎండ ఏ మాత్రం పడదు. అప్పుడు ఏసీ గదే దాని లోకం.