అక్క సిరప్ తమ్ముడికి పొయ్యొచ్చా? (పిల్లల డాక్టర్‌కి మీ ప్రశ్నలు)

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, మిర్చి యార్డుకి దగ్గర్లోనే ఇల్లు. మా బాబుకి నాలుగేళ్లు నిండాయి, 14 కిలోలు. ఫిబ్రవరి నుంచి పొద్దున లేస్తూనే వరసపెట్టి తుమ్ములు, ముక్కు నీళ్లలా కారడం, కళ్లు నలుపుకోవడం, జ్వరం మాత్రం లేదు. పోయినేడాది మా పాపకి (తొమ్మిదేళ్లు) రాసిన అలర్జీ సిరప్ సగం సీసా మిగిలుంటే మా అత్తయ్య అదే వంటింటి చెంచాతో పోస్తున్నారు, దానికి తోడు మెడికల్ షాపులో జలుబు మందని ఇంకోటి ఇచ్చారు, రెండూ వేస్తున్నప్పటి నుంచి పిల్లాడు క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ చెప్పారు. అత్తయ్యని ఏమీ అనలేక మీకు రాస్తున్నా.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు సీసాలూ ఈ రోజే ఆపెయ్యండి. అత్తయ్యగారు ప్రేమతోనే వేశారు, ఆవిడతో గొడవ వద్దు, ఈ జవాబు ఆవిడకే చదివి వినిపించండి.

మీ బాబు మత్తుకి కారణం ఏంటంటే, చాలావరకు అలర్జీ మందు రెండింతలు పడుతోంది. షాపులో ఇచ్చే జలుబు సిరప్‌లలో ఎక్కువగా క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అది కూడా అలర్జీ మందే, పాత రకం, మెదడులోకి వెళ్లి మత్తు తెస్తుంది. దానితో పాటు ముక్కు దిబ్బడకని ఫినైల్‌ఎఫ్రిన్ కలుపుతారు. ఈ రెండూ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీదే రాయాలని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మా వాడికి నాలుగు నిండాయిగా అనుకోకండి, మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు పోయిన తర్వాత 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఏం చెప్పిందంటే రెండేళ్ల లోపు అసలు దగ్గు జలుబు మందులు రాయొద్దు, అయిదేళ్ల లోపు కూడా మామూలుగా వద్దు అని.

ఇక పాప సిరప్. సీసా మీద పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, అది వదిలేసి కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. సెట్రిజిన్ అయితే సాధారణంగా 5 మి.లీ.లో 5 మి.గ్రా., లీవోసెట్రిజిన్ అయితే 5 మి.లీ.లో 2.5 మి.గ్రా. ఉంటుంది, నిజానికి రెండోది మొదటి దాంట్లో పనిచేసే సగమే, కాబట్టి ఒకదానికి తోడు ఇంకోటి వెయ్యడమంటే అదే మందు రెండుసార్లు పోసినట్టు. మీ బాబు వయసుకి రెండింట్లో ఏదో ఒకటి, రోజుకి ఒకసారి 2.5 మి.లీ. దగ్గర మొదలుపెడతాం, మీ పాపకి రాసింది 5 మి.లీ. అయ్యుంటుంది, పైగా మన వంటింటి చెంచాలు ఒకటి 3 మి.లీ. పడితే ఇంకోటి 7 పడుతుంది. మందుల షాపులో సూది లేని సిరంజి అడగండి, కొద్ది రూపాయలే, బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా పొయ్యండి. మందు వేసిన వెంటనే కక్కేస్తే మళ్లీ పొయ్యకండి, డాక్టర్‌ని అడగండి. ఏడాది కిందట మూత తీసిన సీసా అయితే ఎక్స్‌పైరీ దాటకపోయినా పారెయ్యండి.

సిరప్‌లో మాంటెలుకాస్ట్ అనే ఇంకో మందు కూడా కలిసుందేమో చూడండి, మన దగ్గర లీవోసెట్రిజిన్‌తో కలిపి తెగ రాస్తారు. దానితో కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, ప్రవర్తనలో తేడాలు వస్తాయని 2020లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది, ఉత్త తుమ్ములకి దాన్ని నెలల తరబడి వెయ్యడం నాకైతే అస్సలు నచ్చదు.

ఇంకొక్క మాట, మిర్చి ఘాటు వేరు, అలర్జీ వేరు. ఎండుమిర్చి కోరు గాల్లో లేస్తే అలర్జీ లేనివాళ్లకీ తుమ్ములొస్తాయి, ఆ ఘాటుకి ఏ సిరప్పూ పనిచెయ్యదు. లారీలు తిరిగే టైంలో కిటికీలు మూసి, బయట నుంచి రాగానే మొహం కడిగి బట్టలు మార్చి ఒక పది రోజులు చూడండి. అప్పటికీ కళ్లదురద తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి, రోజూ ఇబ్బంది పడే పిల్లలకి సిరప్ కంటే ముక్కులో కొట్టే స్ప్రే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: ఏడాదిన్నర పాపతో రాత్రి బస్సులో బెంగళూరు వెళ్లాలి. ఏడవకుండా పడుకుంటుందని అలర్జీ సిరప్ కొంచెం వెయ్యమని అందరూ అంటున్నారు, వెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. అందుకని వాడే ప్రోమెథజిన్ అనే అలర్జీ మందుతో రెండేళ్ల లోపు పిల్లలకి ఊపిరి మందగించి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి, ఆ వయసులో అది పూర్తిగా నిషిద్ధం. కొందరు పిల్లలు ఈ మందులకి నిద్రపోకపోగా ఇంకా రెచ్చిపోయి ఏడుస్తారు కూడా. ఏడిస్తే ఏడవనివ్వండి, బస్సులో నలుగురూ విసుక్కున్నా పర్లేదు.

ప్రశ్న: డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకి వెళ్తున్నాను. మనవడికి అయిదేళ్లు, పల్లీలు పడవు, ఒకసారి ఒళ్లంతా దద్దుర్లొచ్చి వాంతులయ్యి హాస్పిటల్‌కి తీసుకెళ్లారట. ఇక్కడి నుంచి సెట్రిజిన్ సీసాలు పట్టుకెళ్తే ఎంత వెయ్యాలి?
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: అమ్మా, సీసాలు మొయ్యకండి. అక్కడ అలర్జీకి అమ్మే ఒక సిరప్ పేరుతోనే ఇక్కడ దగ్గు మందు దొరుకుతుంది, లోపల కలిసేవి వేరు, కంగారులో తేడా పడితే ప్రమాదం. అంతకంటే ముఖ్యం, దద్దుర్లతో పాటు వాంతులు, గొంతు బొంగురు, ఆయాసం, సొమ్మసిల్లడం వీటిలో ఏదొచ్చినా సెట్రిజిన్ ఆ పిల్లాణ్ణి కాపాడలేదు, అది దురద తగ్గిస్తుంది అంతే. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. పెన్నులాంటిది అక్కడ డాక్టర్లు రాసి ఇస్తారు, మీ అమ్మాయి దగ్గర ఉండే ఉంటుంది, వెళ్లిన మొదటి రోజే ఎక్కడ పెట్టారో, ఎలా వాడాలో నేర్పించమనండి. తొడ బయటి వైపు, ప్యాంటు మీద నుంచే గుచ్చొచ్చు. గుచ్చాక పిల్లాణ్ణి పడుకోబెట్టి (ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టి) 911కి ఫోన్ చెయ్యాలి, కుదుటపడ్డాడనిపించినా సరే, ఎందుకంటే కొన్ని గంటల్లో మళ్లీ రావచ్చు. ఇక్కడ ఇలాంటి పిల్లలున్నవాళ్లు సిరప్ వేసి చూద్దామని కూర్చోకుండా 108కి చెయ్యండి.

పల్లీల పొడి, చిక్కీలు మాత్రం ఈసారి సూట్‌కేస్‌లో పెట్టకండమ్మా.