పాత చైనా సినిమాల గురించి నా మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

మూకీల కాలం నాటి చైనా సినిమాలు సేకరించాలని ఉందని రాశావు. చాలా సంతోషం. అయితే అసలు రీళ్ళ జోలికి మాత్రం పోకు. ఆనాటి ఫిల్ము నైట్రేటుది. ఒకసారి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. ఎవరైనా అమ్మజూపితే ఫిల్ము ఆర్కైవుకు చేరేలా చూడు. నువ్వు కూడబెట్టవలసినవి పునరుద్ధరించిన డిస్కులు, పోస్టర్లు, ఆనాటి సినిమా పత్రికలు.

మొదట ‘కార్మికుడి ప్రేమ’ చూడు. 1922లో షాంఘైలో మింగ్‌షింగ్ కంపెనీ తీసింది. పూర్తిగా మిగిలిన చైనా సినిమాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. నిడివి 22 నిమిషాలే. వడ్రంగం మాని పండ్లు అమ్ముకునే యువకుడు, రోగులు రాక దిగులుపడే వైద్యుడి కూతురిని కోరుకుంటాడు. మెట్లను జారుడుబల్లగా మార్చి, పైనుంచి దిగే జూదగాళ్ళందరినీ కాబోయే మామగారి దగ్గరికి పంపుతాడు!

ఆ తర్వాత 1934 నాటి ‘దేవత’. దర్శకుడు వూ యోంగ్‌గాంగ్, నాయిక రువాన్ లింగ్‌యు. చైనీసులో ఆ పేరుకు దేవత అనీ, వేశ్య అనీ రెండర్థాలు. కొడుకును చదివించడానికి రాత్రిళ్ళు వీధిలో నిలబడే తల్లి కథకు అంతకన్నా తగిన పేరు లేదు. ఆమెను పీడించే రౌడీ కాళ్ళ మధ్యనుంచి తల్లీబిడ్డలు కనిపించే దృశ్యం దగ్గర ఆపి, మళ్ళీ చూడు. రువాన్ 1935 మార్చి 8న, 24 ఏళ్ళకే తనువు చాలించింది. మొదటిసారి ఆ సంగతి పక్కనపెట్టి ఆమె నటనే చూడు. జాలితో చూస్తే ఆ ముఖంలోని ధైర్యం కనిపించకుండా పోతుంది.

డిస్కుల్లోని సంగీతం చాలావరకు తర్వాత చేర్చినదే. ఒకసారి శబ్దం ఆపేసి చూడు. మనుషులు గబగబా పరుగెత్తుతున్నట్టు ఉంటే తప్పు నటులది కాదు, ఆ డిస్కు తయారుచేసినవారు ఫిల్ము తిరిగే వేగం సరిచూడలేదు.

ప్రతి సినిమాకూ ఒక పేజీ కేటాయించి, ఆ ప్రతి ఎక్కడ దొరికిందో రాసుకో. రువాన్ నటించిన ‘ప్రేమ, కర్తవ్యం’ (1931) పోయిందనుకుంటే ఉరుగ్వేలో బయటపడింది. 1927 నాటి ‘సాలెగూటి గుహ’ 2011లో నార్వే జాతీయ గ్రంథాలయంలో దొరికింది, అదీ అసంపూర్ణంగా. మన తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921) మనకు దక్కలేదు కదా, అందుకే ఇలాంటి కబురు విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచివస్తుంది.

సంక్రాంతి సెలవులకు రా. ‘దేవత’ రెండు డిస్కులు నా దగ్గరున్నాయి. పక్కపక్కన పెట్టి, ఏ ప్రతిలో ఏ దృశ్యం ఎంత స్పష్టంగా ఉందో ఇద్దరం కలిసి రాసుకుందాం.

నీ మామయ్య